బోల్టు కింద రంగు

పుప్పాలగూడ పాత ఊరి వెనక రేకుల గదుల వరసలో ఉండేవాళ్ళకు తెల్లవారుజామున పికప్ బండి స్టార్టయిన చప్పుడు ఒక విశేషం కాదు. బోరు మోటారు మోత, పాలవాడి హారను, పక్క గదిలో ముసలాయన దగ్గు, వాటిలో అదీ ఒకటి. సాయిలుకు మాత్రం అది చెవిలో సీసం పోసినట్టుండేది. అతను ఆ చప్పుడు కంటే ముందే మేలుకునేవాడు. కళ్ళు మూసుకుని, గోడ అవతల బండి తలుపు తెరిచిన చప్పుడు విని, ఊపిరి బిగబట్టేవాడు. ఈ ఒక్క రోజైనా మొండికెయ్యాలి అనుకునేవాడు. సెల్ఫ్ మోటారు గిర్రున ఒక్క చుట్టు తిరిగేది. ఇంజను అందుకునేది. బండి సందు మలుపు తిరిగి వెళ్ళిపోయేది.

ఆ బండి మొన్న ఎండాకాలం దాకా సాయిలుదే.

సాయిలుది నారాయణఖేడ్ వైపు పల్లె. పెళ్ళయిన కొత్తలో లచ్చమ్మను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు ఇక్కడ బండరాళ్ళు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేవు. ఒకరి లారీ మీద హమాలీగా చేరాడు, డ్రైవింగు నేర్చుకున్నాడు, ఎవరో వాడి వదిలేసిన పికప్‌ను కొనుక్కున్నాడు. కట్టే టవర్లకు సెంట్రింగు చెక్కలు తోలాడు. టవర్లు లేచాక వాటిలోకి వచ్చేవాళ్ళ సామాన్లు తోలాడు. కొండాపూర్లో కిరాయి పెరిగిందని కోకాపేటకు, ఆఫీసు మారిందని మళ్ళీ కొండాపూరుకు, ఆ సాఫ్ట్‌వేరు కుటుంబాల ఫ్రిజ్జులు, పరుపులు, తులసికోటలు అతని బండి మీదే ఊరేగాయి.

బండిని అతను చూసుకున్నట్టు మనుషులు పిల్లల్ని కూడా చూసుకోరని లచ్చమ్మ అనేది. ఆదివారం వస్తే కడగడమే పని. ఒక ఏడు దసరాకు ముందు బండి మొత్తానికి తన చేతులతోనే రంగు వేశాడు. పైన నీలం, కింద చాసిస్‌కు నలుపు. పడుకుని, పాకి, ఎక్కడా సందు లేకుండా రెండేసి పూతలు పూశాడు. ఆ బానెట్టు మీద ఇంకెవరి చెయ్యీ పడనిచ్చేవాడు కాదు. లచ్చమ్మ ఒకసారి ముచ్చటపడి బ్యాటరీ నీళ్ళు తాను పోస్తానంటే, ఆడోళ్ళకు ఏం తెలుస్తదని పక్కకు జరగమన్నాడు.

ఆ దసరా తర్వాతే బండికి రోగం పట్టుకుంది. పొద్దున తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ముందు దీపాలు మసకబారేవి. సాయిలు బ్యాటరీ మార్చాడు. నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదటికే వచ్చింది. సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్లు, బుష్షులు వేయించాడు. డైనమో చూపించాడు. తాళం స్విచ్చి కొత్తది పెట్టించాడు. ఏది మార్చినా కొద్ది రోజులు నమ్మకం ఇచ్చేది, తర్వాత టక్కు. చివరికి నానక్‌రామ్‌గూడ మెకానిక్కు, బండికి వయసైపోయిందన్నా, మనిషికైనా అంతే కదా అని చేతులు దులుపుకున్నాడు.

అప్పుడు లచ్చమ్మకు ఆ బండితో ఒకే ఒక్క సంబంధం ఉండేది. తెల్లారగానే సాయిలు సీట్లో కూర్చుని కేకేసేవాడు. ఆమె కొంగు నడుముకు చుట్టి వెనక నుంచి నూకేది. ఇంజను అందుకోగానే అతను ఆగకుండా వెళ్ళిపోయేవాడు, ఆపితే మళ్ళీ ఆగిపోతుందని. ఆమె పొగలో నిలబడి చేతులకంటిన మసి తుడుచుకునేది. ఎన్నో ఏళ్ళు ఆ బండి ఉన్నా ఆమె ముందు సీట్లో కూర్చుని ఎక్కడికీ పోలేదు.

అమ్మేయడానికి కారణం నీహారిక అనే ఒకావిడ. కొండాపూర్ నుంచి కోకాపేటకు ఆమె ఇల్లు మారుస్తున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ఇంజను ఆపమన్నారు, ఆపాడు, ఇక అది లేవలేదు. ఆవిడ కోప్పడలేదు. ఫోన్లో ఇంకో బండిని పిలిపించింది. తన బండి లోంచి సామాను ఒక్కొక్కటే దిగి ఇంకో బండిలోకి ఎక్కుతుంటే సాయిలు పక్కన నిలబడి చూశాడు. ఇంటికొచ్చి, ఇగ దీన్ని ఇడుస్త అన్నాడు.

కొన్నది పక్క గదిలోకి కొత్తగా వచ్చిన బాలు, కిరణ్మయి. తుని దగ్గరి నుంచి వచ్చారు. బాలు కోకాపేటలో ఒక టవర్లో జనరేటర్లు చూసుకుంటాడు. కిరణ్మయి పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న మామిడికాయల బండి నడిపిన మనిషి, కూరగాయలు వేసుకుని అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర అమ్మాలని ఆమె ఆలోచన. సాయిలు ఏదీ దాచలేదు. పొద్దున నూకాలె అని చెప్పాడు. బాలు బానెట్టు ఎత్తి చాలాసేపు చూసి, సరేనండి అన్నయ్యా అన్నాడు. పాపం, మునుగుతున్నారని సాయిలు జాలిపడ్డాడు కూడా. మొదటి వారం వాళ్ళతో పాటు తనూ ఒక చెయ్యి వేసి నూకాడు. నిజం చెప్పాలంటే ఆ వారం అతనికి హాయిగా గడిచింది. తప్పు తనది కాదు, బండిదే అని ఊరంతా చూసింది.

ఆ తర్వాత ఒక పొద్దున బండి ఒక్క తాళానికి లేచింది.

గాలివాటం అనుకున్నాడు. మర్నాడు కూడా లేచింది. ముసురు పట్టి, బైకులే మొరాయించిన రోజున కూడా లేచింది. సాయిలు ఆ రాత్రి అన్నం దగ్గర, మామూలుగా అడిగినట్టు, ఆ బండికి ఏం చేసిండ్రట అని అడిగాడు.

లచ్చమ్మ పప్పు వడ్డిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "ఎర్త్ వైరు బోల్టు కింద రంగు ఉండె. గీకంగనే అయింది."

సాయిలు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఇంజను దాకా పోయి, చాసిస్ మీదుగా తిరిగి రావాలి. ఆ తిరుగు దారిలో, వైరుకూ ఇనుముకూ మధ్య, తాను ప్రేమగా పూసిన రెండు పూతల రంగు అడ్డం పడింది. వేరే పనికి వైరు కదిపినప్పుడల్లా కాస్త ఇనుము తగిలి నాలుగు రోజులు నడిచేది. అంతే సంగతి. బ్యాటరీ కాదు, సెల్ఫ్ కాదు, వయసు కాదు. గీకంగనే అయింది. ఎవరు గీకారని అతను అడగలేదు. బాలు తప్ప ఇంకెవరు గీకుతారు?

ఆ రోజు నుంచి సాయిలుకు బాలు నవ్వు నచ్చలేదు. బాలు "అన్నయ్యా" అంటే ఎగతాళిలా వినిపించింది. అన్నిటికన్నా, వాళ్ళు ఆ బండిని కడగకపోవడం అతన్ని కాల్చేసింది. నీలం రంగు మీద బురద ఎండి పెచ్చులు కట్టినా వాళ్ళకు పట్టదు. ఆ బురద మొహంతోనే అది రోజూ లేస్తుంది. తాను గంధం పూసి దండం పెట్టినన్నాళ్ళు లేవని బండి. ఒకరోజు దాని తలుపు మీద కొత్త గీత కనిపించింది. సాయిలుకు ప్రాణం లేచొచ్చింది. నాలుగడుగులు వేశాక తన సంతోషానికి తానే సిగ్గుపడ్డాడు, అయినా వెనక్కి తిరిగి ఆ గీతను ఇంకోసారి చూసుకున్నాడు.

అతనిప్పుడు ఒక గేటెడ్ కమ్యూనిటీలో బ్యాటరీ బండి నడుపుతున్నాడు. గేటు నుంచి క్లబ్ హౌసుకు, క్లబ్ హౌసు నుంచి గేటుకు పెద్దవాళ్ళను చేరవేసే నాలుగు సీట్ల బొమ్మబండి. దానికి సెల్ఫ్ లేదు, గేరు లేదు, చప్పుడు లేదు. పట్టాభిరామయ్య అనే రిటైరైన ఆఫీసరు రోజూ ఎక్కి, ఎంత హాయిగా ఉందయ్యా నీ బండి, దేవుడి పల్లకీలా ఉంది అని మెచ్చుకునేవాడు. సాయిలు తల ఊపేవాడు. చప్పుడు లేనిది బండేనా అని లోపల అనుకునేవాడు.

ఇంతలో లచ్చమ్మ కిరణ్మయితో కూరగాయలకు పోవడం మొదలుపెట్టింది. ఒకరోజు సాయిలు డ్యూటీకి పోతుంటే పికప్ ఎదురొచ్చింది. కిరణ్మయి స్టీరింగు పట్టుకుని ఉంది. పక్కన కిటికీ దగ్గర లచ్చమ్మ, మోచెయ్యి బయటపెట్టి, గాలికి వెంట్రుకలు ఎగురుతుంటే దేనికో పడీపడీ నవ్వుతోంది. ఆమె అతన్ని చూడలేదు. ఆ నవ్వు ఎప్పుడు విన్నాడో సాయిలుకు గుర్తు రాలేదు. సాయంత్రం, ఆ బండి ఎక్కొద్దని ఆమెకు గట్టిగానే చెప్పాడు.

ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు తోలినన్ని రోజులు నూకిన. ఇప్పుడు కూసుంటున్న. గంతే."

సాయిలు ఆ కోపాన్ని చాయ్ హోటల్‌కు మోసుకెళ్ళాడు. బాలుకు ముందే తెలుసని, బానెట్టు ఎత్తిన రోజే రోగం కనిపెట్టి నోరు మూసుకున్నాడని, తెలిసి తెలిసి తనను ముంచాడని అక్కడ పదిమందిలో అన్నాడు. ఒకసారి అన్నాక తానే నమ్మాడు. మాట బాలు చెవిన పడింది. అతను వచ్చి, మీరలా అన్నారటండి, నాకు నిజంగా తెలీదండి అన్నాడు. నేనేమీ అనలేదని సాయిలు బొంకాడు. తర్వాత ఇద్దరూ ఒకే సందులో మొహాలు తిప్పుకుని నడిచారు. ఆడవాళ్ళిద్దరూ మాత్రం రోజూ బండెక్కి పోతూనే ఉన్నారు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం సాయిలు క్లబ్ హౌసు దగ్గర ఉండగా బాలు నుంచి ఫోనొచ్చింది. ఎత్తాలా వద్దా అనుకుని ఎత్తాడు. కోకాపేట రోడ్డు పక్కన బండి ఆగిపోయిందని, తాళం తిప్పితే ఒక్క దీపం కూడా రావడం లేదని బాలు చెప్పాడు. టవర్లో కరెంటు పోయి లిఫ్టులన్నీ జనరేటరు మీద ఉన్నాయి, తాను కదిలితే ఉద్యోగం పోతుంది. "ఆ బండి మీ చేతిలో పెరిగిందండి. మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అక్కయ్య కూడా అక్కడే ఉన్నారు. కొంచెం చూస్తారా అన్నయ్యా."

"చూస్త" అన్నాడు సాయిలు. ఫోను పెట్టేశాక గుండెల్లో ఏదో గజ్జె కట్టినట్టు ఆడింది. ఆగిపోయింది. ఎట్టకేలకు ఆగిపోయింది.

పూట సెలవు చెప్పి, ఇంటికి పోయి, మంచం కింది సామాన్ల డబ్బా తీశాడు. బండి అమ్మినా ఆ డబ్బా అమ్మలేదు. బైకు మీద వచ్చేసరికి పికప్ అద్దాల టవరు నీడలో నిలబడి ఉంది. టమాటాలు, ఆకుకూరల మీద తడి గోనెలు కప్పి ఉన్నాయి. లచ్చమ్మ వాటి మీద నీళ్ళు చల్లుతోంది. కిరణ్మయి ఎదురొచ్చి, వచ్చారా అన్నయ్యగారూ అని ఊపిరి పీల్చుకుంది. సాయిలు నేరుగా పోయి బానెట్టు ఎత్తాడు.

ముందుగా అతని కళ్ళు పోయింది ఎర్త్ బోల్టు మీదికే. దాని చుట్టూ ఇనుము రూపాయి బిళ్ళంత మేర తెల్లగా మెరుస్తోంది, పైన పల్చగా గ్రీజు పూసి ఉంది. చక్కగా చేశాడు దొంగ అనుకున్నాడు. పనిలో పడ్డాడు.

అతని దగ్గర రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు ఉంది, కరెంటు ఎక్కడిదాకా వస్తోందో చూసే బల్బు. ఒక వైరు ఇంజనుకు తగిలించి, రెండోది బ్యాటరీ ప్లస్సు మీద పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది. బ్యాటరీ బాగుంది, ఎర్త్ బాగుంది. మెయిన్ ఫ్యూజుకు ఇవతల పెట్టాడు, వెలిగింది. అవతల పెట్టాడు, వెలగలేదు. ఫ్యూజు కాలిపోయింది. డబ్బాలోంచి కొత్తది తీసి పెడితే చిటుక్కుమని అదీ పోయింది. అంటే ఎక్కడో ఒక వైరు చర్మం ఊడి బండి ఇనుముకు తగులుతోంది. ఎన్ని ఫ్యూజులు పెట్టినా కాలుతూనే ఉంటాయి.

పాత హెడ్‌లైటు బల్బు ఒకటి తీసి ఫ్యూజు ఉండే చోట తగిలించాడు. అది నిండుగా వెలిగింది. కిరణ్మయి వంగి, ఇదెందుకండీ అని అడిగింది. ఆమెకు చెప్పాలని అతనికి లేదు, కానీ చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. కరెంటు దొంగదారిలో పోయినంతసేపు ఈ బల్బు ఇట్లనే మండుతుంది, వైర్లు ఒక్కొక్కటే కదుపుకుంటూ పోవాలి, ఏ వైరు కదిపితే బల్బు ఆరుతుందో రోగం అక్కడ ఉంది అన్నాడు. లచ్చమ్మను బల్బు చూస్తూ ఉండమన్నాడు. ఆ బండి విషయంలో అతను ఆమెకు నూకడం కాక ఇంకో పని చెప్పడం అదే మొదలు.

ఇంజను దగ్గరి వైర్లు కదిపాడు. మండుతోందని ఆమె చెప్పింది. డ్యాష్‌బోర్డు వెనక కదిపాడు. మండుతోంది. కిందికి దూరి, చాసిస్ వెంబడి వెల్లకిలా పాకుతూ, క్యాబిన్ వెనక రేకు దాకా వచ్చాడు. అక్కడ ఒక ఎర్ర వైరు రేకు చిల్లులోంచి దూరి పైకి పోతోంది. దాన్ని వేలితో పైకెత్తాడు.

"ఆరింది" అంది లచ్చమ్మ.

సాయిలు ఆ వైరును చూశాడు. ఆ బండిలో ప్రతి వైరూ అతనికి తెలుసు. ఇది అతను వేసింది కాదు. సాయంత్రాలు కూరగాయల మీద వెలుగు కోసం వెనక కొత్తగా పెట్టిన బల్బుకు పోతోంది. రేకు అంచుకు రబ్బరు లేదు, తిరిగీ తిరిగీ ఒరుసుకుని లోపలి రాగి బయటపడింది. ఆ నేల మీద నుంచి లేవకముందే అతను నవ్వుకున్నాడు. దొరికావురా అనుకున్నాడు. బయటికొచ్చి, చేతులు తుడుచుకోకుండానే బాలుకు ఫోను కలిపి, ఇద్దరూ వినేట్టు స్పీకరు పెట్టాడు.

"తమ్మీ, మీ జనరేటర్ల కాడ వైర్లు గిట్లనే ఏస్తరా? రేకు చిల్లుల కెల్లి రబ్బరు లేకుండ గుంజినవ్. బండి మొత్తం అంటుకుంటుండె. ఆడోళ్ళు ఉన్నరు అందుల."

అవతల జనరేటరు హోరు వినిపించింది. బాలు మెల్లగా, ఆ వైరు నేను వెయ్యలేదండి అన్నాడు.

"మరి ఎవలేసిండ్రు?"

"నేనే ఏసిన" అంది లచ్చమ్మ.

సాయిలు ఆమె వంక తిరిగాడు. ఆమె చేతిలో ఇంకా నీళ్ళ చెంబు ఉంది. ఫోనులో బాలు ఉన్నాడో లేడో, సాయిలు దొరికిందిలే తమ్మీ అని గొణిగి ఆపేశాడు.

"రబ్బరు పెట్టాలని నాకు ఎరుక లేకుండె" అంది ఆమె. "రంగు గీకింది గూడ నేనే. బాలు ఫోన్ల చెప్పిండు, బ్యాటరీ మైనస్ కెల్లి ఇంజనుకు సీదా ఒక వైరు పెట్టి చూడుమని. పెట్టంగనే లేసింది. అయితే ఎర్త్ కాడనే ఉన్నది, బోల్టు ఇప్పి చూడుమన్నడు. కిరణ్ కిందికి పట్టలే. నేను దూరిన. నువ్వు రంగు మంచిగనే ఏసినవ్, గీకుడే తిప్పలైంది."

"నాతోని ఎందుకు చెప్పలే?"

"ఎవలు గీకిండ్రని నువ్వు అడగలే." ఆమె చెంబు కింద పెట్టింది. "మన బండి ఉన్నప్పుడు తాకనిచ్చెటోనివా?"

రోడ్డు మీద ఆఫీసు బస్సులు పోతున్నాయి. కిరణ్మయి వాళ్ళకు వీపు పెట్టి, అవసరం లేకున్నా కొత్తిమీర కట్టలు సర్దుతోంది. ఇన్నాళ్ళూ బాలు మీద సాయిలు పెంచుకున్న కుళ్ళు ఒక్కసారిగా నిలబడే చోటు లేక అతని చుట్టే తిరిగింది. ఎక్కడ పెట్టుకోవాలి దాన్ని? పెళ్ళాం మీద పెట్టుకుందామంటే, మసి చేతులతో పొగలో నిలబడిన మనిషి గుర్తొచ్చింది. తాను మూడు మెకానిక్కుల చుట్టూ తిరిగినన్నాళ్ళూ, ఆ బోల్టు ఉన్న బండికే వెనక నుంచి రోజూ పొద్దున భుజం ఆనించి నిలబడిందామె.

అతను డబ్బాలోని పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి రేకు అంచుకు తొడిగాడు. ఊడిన చోట టేపు చుట్టాడు. ఆ లైటుకు విడిగా చిన్న ఫ్యూజు పెట్టాడు, ఇక తప్పు జరిగినా అదొక్కటే పోవాలని. చేస్తున్నదంతా లచ్చమ్మకు కనపడేట్టు కాస్త పక్కకు జరిగి చేశాడు. తర్వాత హెడ్‌లైటు బల్బు తీసేసి, ఆ చోట ఇంకో మెయిన్ ఫ్యూజు పెట్టి, సీట్లోకెక్కి తాళం తిప్పాడు.

బండి ఒక్క దెబ్బకు లేచింది. అతని చేతికి అది అట్లా లేచి చాలా కాలమైంది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు. కిరణ్మయి కిటికీ దగ్గరికొచ్చి, ఈ పూటకి మీరే నడపండి అన్నయ్యగారూ అంది. బైకును ముగ్గురూ కలిసి వెనక టమాటా ట్రేల మధ్యకు ఎక్కించారు. సాయిలు నడిపాడు. పక్కన కిరణ్మయి, కిటికీ దగ్గర లచ్చమ్మ. ఆమె మోచెయ్యి బయటే ఉంది. నవ్వలేదు గానీ, దిగమని ఎవరూ అనరన్నట్టు నిమ్మళంగా కూర్చుంది.

మర్నాడు చాయ్ హోటల్లో, అంతకుముందు విన్నవాళ్ళ ఎదుటే, బాలు తప్పేం లేదని, తానే నోరు జారానని సాయిలు చెప్పాడు. చెప్పడం కష్టంగానే ఉంది. బాలు దాన్ని పెద్దది చెయ్యకుండా ఇంకో రెండు చాయ్‌లు చెప్పాడు. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. తెల్లవారుజామున గోడ అవతల ఇంజను లేస్తే ఇప్పటికీ అతనికి చురుక్కుమంటుంది. కాకపోతే ఇప్పుడు లేచి బయటికి పోతాడు. బెల్టు వదులైందని, బ్యాటరీ టర్మినల్ మీద ఉప్పు పట్టిందని ఏదో ఒకటి చెబుతాడు. చెప్పేది లచ్చమ్మకే. ఆమె వింటుంది, మధ్యలో అడ్డు ప్రశ్నలు వేస్తుంది. కొన్నిటికి అతని దగ్గర జవాబు ఉండదు, బాలును అడగాల్సి వస్తుంది.

ఈమధ్య ఆమెకు డ్రైవింగు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఆ మాట ఆమె కిరణ్మయితో అంటుండగా విని సాయిలు ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఏళ్ళ నుంచి బండి తోలుతున్న మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఇంకొకరిని అడగడమేమిటి? నేను నేర్పిస్త అన్నాడు.

"నువ్వు కోపానికొస్తవ్" అంది లచ్చమ్మ. "కిరణ్ కాడనే నేర్చుకుంట. వస్తే రా, ఎన్క కూసో."

పోయిన ఆదివారం కోకాపేటలో ఇంకా జనం చేరని ఒక కొత్త రోడ్డు మీద ఆ నీలం పికప్ ముందుకొక గెంతు, వెనక్కొక ఊపుగా పోయింది. స్టీరింగు దగ్గర లచ్చమ్మ, పక్కన కిరణ్మయి. వెనక ఖాళీ ట్రేల మధ్య, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, సాయిలు. బండి రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ ఆమె తాళం తిప్పి లేపుకుంది. క్లచ్చి జర మెల్లగ ఇడువు అని అతను వెనక అద్దం మీద కొట్టి మరీ చెప్పాడు. లోపల ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు, అతని మాట వినపడలేదు.